ఎలుకలు లేని ఆదివారం

సింకు కింద చప్పుడైంది. హన్నెకె చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

మళ్లీ అదే చప్పుడు. ఎవరో గోటితో అట్టపెట్టెను గీకుతున్నట్టు.

"అమ్మా, వింటున్నావా?" ఫోన్లో కూతురు ఫెమ్కె అడిగింది.

"ఆఁ, చెప్పు."

"ఆదివారం పదకొండింటికి వస్తాం. కానీ ముందే చెబుతున్నా. ఒక్క ఎలుక కనబడినా గుమ్మంలోంచే వెనక్కి. డాక్టరు ఎంత గట్టిగా చెప్పాడో నీకు తెలుసు."

"ఎలుకల్లేవే! ఎప్పుడో పోయాయి."

"పోయిన నెలా ఇదే మాటన్నావు. మా ఆయన రొట్టెల డబ్బా మూత తీస్తే ఏం దూకింది?"

హన్నెకె గిన్నె కింద పెట్టింది. మనవడు నెలలు నిండకుండా పుట్టాడు. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నాడు. అద్దం ఇవతల నిలబడి చూడటమే తప్ప హన్నెకె వాణ్ని ఒక్కసారీ ఎత్తుకోలేదు.

విషం పెట్టడం ఆమె వల్ల కాదు. మెడ విరిచే బోను అసలే కాదు. అందుకే ప్రాణం తీయకుండా పట్టే బోనులు కొంది. లోపల కాస్త పీనట్ బటర్ రాసి సింకు కింద ఒకటి, మెట్ల కింద ఒకటి పెట్టింది. రోజూ పడుతూనే ఉన్నాయి. పడినదాన్ని పొద్దున్నే వీధి మేలుకోకముందే కోటు చాటున తీసుకెళ్లి వదిలేసి, కాఫీ చల్లారేలోగా తిరిగొచ్చేది. మర్నాటికి మళ్లీ ఒకటి.

వదిలిందే తిరిగొస్తోందా? ఆ అనుమానంతో, వదిలే ముందు ఒక్కోదాని తోకకి ఎర్ర నెయిల్ పాలిష్ రాయడం మొదలుపెట్టింది. ఎర్ర తోకది ఒక్కటీ బోనులో పడలేదు. అన్నీ కొత్తవే.

ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఇంట్లో ఇంకా ఎలుకలున్నాయని పక్కింటి కోబాకి తప్ప ఎవరికీ తెలియదు. రెండిళ్లకీ ఒకటే గోడ. దాచాలన్నా దాగదు.

శుక్రవారం పదింటికి కోబా రోజూలాగే కాఫీకి వచ్చింది.

"ఇవాళెన్ని?" కోటు విప్పకుండానే అడిగింది.

"ఒకటి."

"ఆదివారానికి తెములుతుందా?"

"తెమలాలి." హన్నెకె బిస్కెట్ల డబ్బా చాపింది. కోబా ఒకటి తీసుకుంది. వెంటనే హన్నెకె డబ్బా మూత పెట్టేసింది.

"బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్లకి రస్కుల మీద 'చిట్టెలుకలు' అనే సోంపు మిఠాయి చల్లి పెడతాం. నువ్వేమో ఏకంగా పరిగెత్తేవే పెట్టేలా ఉన్నావు!"

హన్నెకెకి నవ్వు రాలేదు.

"ఇంతకీ ఎక్కడ వదులుతున్నావు వాటిని?"

"దూరంగా."

"ఎంత దూరం? దగ్గర్లో వదిలితే తిరిగొచ్చేస్తాయిట."

"నావి రావడం లేదు."

కోబా కాఫీలో చెంచా తిప్పింది. "మా షెడ్డులో కెనరీ పిట్టలు ఈ మధ్య సరిగ్గా కూయడం లేదు. గింజల డబ్బా కూడా..."

"పిల్లి ఏదైనా తిరుగుతోందేమో."

"అయ్యుండొచ్చు." లేస్తూ కిటికీలో ఉన్న నెయిల్ పాలిష్ సీసా చూసింది. "ఈ వయసులో ఎర్ర గోళ్లా!"

"మనవడొస్తున్నాడుగా."

"మరి గోళ్లకి లేదే?"

"ఆదివారం వేసుకుంటా."

"నా దగ్గరా ఒకటుందిలే. మా అక్క కూతురు మరిచిపోయి వెళ్లింది. నీలం. అది వేసుకున్నానంటే చూసినవాళ్లు శవపేటికకి కబురు పెడతారు." నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

శనివారం హన్నెకె ఇల్లంతా కడిగింది. గోడ మూలల్లో కనిపించిన ప్రతి కంతలోనూ గిన్నెలు తోమే ఇనుపపీచు కుక్కింది. పిండి, ఓట్లు, రొట్టెలు గాజుసీసాల్లోకి మార్చింది. సాయంత్రానికి బోనులు రెండూ ఖాళీ. నేలకి చెవి ఆనించి విన్నది. చప్పుడు లేదు.

ఆదివారం ఉదయం మంచి జాకెట్టు వేసుకుంది. రస్కులకి వెన్న రాసి, నీలం తెలుపు మిఠాయి చల్లింది. సోఫా మీద కొత్త దుప్పటి పరిచింది. బిడ్డను ఎత్తుకుని ఎక్కడ కూర్చోవాలో కూడా ఒకసారి కూర్చుని చూసుకుంది.

ఫోన్ మోగింది. "పెట్రోలు బంకు దగ్గరున్నాం. ఐదు నిమిషాలు. అంతా సరేగా అమ్మా?"

"అంతా సరే తల్లీ. త్వరగా రండి."

ఫోన్ పెట్టేసింది. సింకు కింద టక్‌మంది.

మోకాళ్ల మీద కూలబడి బోను బయటికి లాగింది. లోపల చిట్టెలుక గిరగిర తిరుగుతోంది. తోక కొస మెరుస్తోంది.

ఎరుపు కాదు. నీలం.

హన్నెకె ముఖం జేవురించింది. కొత్తవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది. తన వంటింట్లో కూర్చుని, తన కాఫీ తాగి, రోజూ "ఇవాళెన్ని?" అని అడిగిన మనిషి!

బోను పట్టుకునే బయటికి నడిచింది. కోబా ఇంటి గంట నొక్కిన వేలు తీయలేదు.

వెనక కారు ఆగింది. గుండెలకి బిడ్డను కట్టుకుని ఫెమ్కె దిగింది.

"అమ్మా? అక్కడేం చేస్తున్నావు? ఆ చేతిలో ఏంటి?"

ఇక దాచడానికేం లేదు.

"నువ్వే చూడు! ఇన్నాళ్లూ నా ఇంట్లోకి ఎలుకల్ని తోలింది ఈవిడే. ఇదిగో, తోకకి రంగు! పసిగుడ్డు వస్తున్నాడని తెలిసి కూడా! మనుషులు చేసే పనేనా ఇది?"

ఫెమ్కె బిడ్డ తల మీద చెయ్యి అడ్డంపెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది.

తలుపు తెరుచుకుంది.

కోబా తన చేతిలో ఉన్న బోను పైకెత్తి చూపించింది: అందులో తిరుగుతున్నది, మొన్న పొద్దున్నే హన్నెకె పెరటి కంచె సందులోంచి కోబా కెనరీల షెడ్డులోకి వదిలిన ఎర్ర తోక చిట్టెలుక.