డిక్కీలో చప్పుడు

ఆ ఉదయం ఆకాశం కొండల నడుముల దాకా దిగి ఆగిపోయింది. వాన కాదు, మంచు కాదు, సన్నటి తుంపర. ఆ తుంపరలోనే మాన్‌సిక్ తన పాత కారును బావమరిది గిచొల్ రిపేరు షెడ్డు ముందు ఆపి, దిగుతూనే డిక్కీ మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు.

“ఎన్నిసార్లు తిప్పుతావయ్యా? పోయిందన్నావు. ఏదీ, ఎక్కడికి పోయింది? గతుకు తగిలితే చాలు, లొటలొట లొటలొట!”

గిచొల్ అతని ముఖంలోకే చూస్తూ విన్నాడు. “స్పేర్ టైరు బిగించాను బావా. జాకీ కింద గుడ్డ పెట్టాను. తలుపు రబ్బరు కూడా మార్చాను. నడిపి చూశాకే ఇచ్చాను.”

“ఏం చూశావో! ఈసారీ తేలకపోతే టౌనులో గ్యారేజీకి తీసుకుపోతా.”

సొంత బావే బయటికి పోతే, ఆ ఊళ్ళో ఇంకెవడూ ఆ షెడ్డు గడప తొక్కడు. అది ఇద్దరికీ తెలుసు.

“ఒక పని చెయ్యి బామ్మర్దీ. నువ్వు డిక్కీలో పడుకో, నేను నడుపుతా. చెవి పక్కనే మోగుతుంటే ఎట్లా దొరకదో చూస్తాను.”

గిచొల్ ముఖం పాలిపోయింది. “అందులోనా?”

“ఏం, పట్టవా? పోయినేడు పంది పట్టింది.”

గిచొల్ టార్చి పట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. మాన్‌సిక్ తలుపు వేశాడు.

కాలవగట్టు రోడ్డు మీద గతుకులన్నీ వెతికి మరీ ఎక్కించాడు. వెనక లొటలొట మోగుతూనే ఉంది. సంత దాటుతుండగా అతని భార్య ఒక్‌బున్ ఎదురై చెయ్యెత్తింది. కాళ్ళ దగ్గర ఉప్పులో నానిన క్యాబేజీ మూటలు.

“డిక్కీ తియ్యి,” అంది.

“వద్దు. వెనక సీట్లో పెట్టు.”

“సీటంతా ఉప్పునీళ్ళవుతుందయ్యా!”

“కానీలే, పెట్టు!”

గొణుక్కుంటూ మూటలు లోపలికి తోసి పక్కన కూర్చుంది. కారు కదలగానే మళ్ళీ లొటలొట.

“ఇంకా పోలేదా? మళ్ళీ వాడికే ఇచ్చావా?”

మాన్‌సిక్ పెదవి కొరికి, బొటనవేలితో వెనక్కి చూపించాడు.

“ఆఁ, అక్కణ్ణించే. నాకూ తెలుస్తోందిలే.”

కళ్ళెగరేశాడు. దగ్గాడు. ఒక్‌బున్ ఆగే మనిషి కాదు.

“వాణ్ణి తమ్ముడని చెప్పుకోవాలంటే తలవంపులుగా ఉంది. చెయ్యని పని చేశానంటాడు. నిన్న నువ్వన్నదాంట్లో తప్పేముంది? పనిదొంగ అన్నావు. నోరు తెరిస్తే అబద్ధమన్నావు. షెడ్డుకు తాళమేసి కోళ్ళఫారంలో పెంట ఎత్తుకున్నా మన పరువు దక్కేదన్నావు. అప్పుడు నీ మీద అరిచాను గానీ...”

మాన్‌సిక్ బ్రేకు తొక్కాడు. ఆమె చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు: “వాడు డిక్కీలో ఉన్నాడే.”

ఒక్‌బున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ దిగి వెనక్కి నడిచారు.

తలుపు ఎత్తేసరికి గిచొల్ ముడుచుకునే ఉన్నాడు. ఒక అరచెయ్యి రేకుకు ఆనించి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెల్లగా దిగి, తుంపరలో నిలబడి బావ ముఖంలోకి చూశాడు.

“దొరికిందా?” అన్నాడు మాన్‌సిక్.

గిచొల్ తల అడ్డంగా ఊపాడు. “టౌనుకే తీసుకుపో బావా. ఈ పని నాకు చాలు. షెడ్డు మూసేస్తాను.”

ఒక్‌బున్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఏడ్చింది. వదలకుండా ఇంటికి లాక్కుపోయింది.

చాప మీద పొట్టి బల్ల వేసి, ఉడికించిన పంది మాంసం, క్యాబేజీ ఆకులు, సోయా పులుసు పెట్టింది. మాన్‌సిక్ బియ్యపు కల్లు గిన్నెలో పోశాడు. తనకన్నా చిన్నవాడికి రెండు చేతులతో పోశాడు. పెద్దవాళ్ళకు తప్ప ఎవరికీ అట్లా పోసి ఎరగడు. ఒక్‌బున్ మంచి ముక్క చూసి, ఆకులో చుట్టి, తమ్ముడి అన్నం మీద పెట్టింది. క్షమించమనడానికి ఇద్దరికీ నోరు పెగల్లేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.

చివరికి గిచొల్ చెంచా కింద పెట్టాడు.

“మీ దగ్గర దాచాను. ఏడాదిగా పెదాలు చూస్తే గానీ నాకెవరి మాటా తెలియదు,” అన్నాడు తల ఎత్తకుండానే. “ఆ చప్పుడు ఎట్లా ఉంటుంది బావా?”