పన్నెండు కిలోలు

"సైకిల్ దించు," అన్నాడు పర్శరాములు.

భూమేశ్ వినిపించుకోనట్టే అట్టపెట్టెను పికప్ వెనక భాగంలోకి తోశాడు. పొద్దున్నుంచీ అతని బుర్ర పనిచేయడం లేదు. ముదీర్, అదే మేనేజరు, ఆఫీసులోకి పిలిచి, పాస్‌పోర్టూ టికెట్టూ చేతిలో పెట్టి, నీ భార్య ఆసుపత్రిలో ఉందట, వెళ్లమన్నాడు. ఊరికి ఫోన్ చేస్తే బావమరిది ఎత్తాడు. "అక్క మాట్లాడెటట్టు లేదు బావా. నువ్వు జల్ది రా," అని పెట్టేశాడు.

రెండువేల మూడులో పని కోసం ఈ ఎడారి దేశానికి విమానమెక్కాడు. భార్య ప్రేమ మొహం చూసి మూడేళ్లయింది. ఇప్పుడైనా చూస్తానో లేదో అన్న దిగులుతో పెట్టిన అన్నం అలాగే వదిలేశాడు. ఈ దుఃఖంలో అతనికి మిగిలిన ఒక్క ఆసరా ఆ అట్టపెట్టె. ఏడేళ్ల కూతురు రవళి ఫోన్లో అడిగేదంతా సైకిలే. తల్లి ఆసుపత్రిలో ఉంటే పిల్ల ఎంత బెదిరిపోయిందో. సైకిల్ చూస్తే కాసేపైనా నవ్వుతుంది.

"దించమంటున్న," మళ్లీ అన్నాడు పర్శరాములు. "బండి మొయ్యది."

అల్ వర్సాన్ గోదాములో జనరేటర్లు లాగే ఈ పెద్ద పికప్‌కు తొమ్మిదేళ్లుగా అతనే డ్రైవరు. బరువు దగ్గర పరమ మొండి. తలుపు సందులో అంటించిన చీటీలోని అంకెలే అతనికి వేదం. బండి లాగగలిగేది వేరు, వీపున మోయగలిగేది వేరు, అన్నీ కలిపి దాటకూడనిది వేరు అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్తాడు. ట్యాంకులో డీజిలునూ, ఎక్కే మనుషులనూ కూడా వదలడు. నలభై కిలోలు ఎక్కువైందని ఒకసారి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సొంత సరుకునే దించేశాడు. పెళ్లి భోజనానికి వెళ్లినా విస్తరి బరువు చూసిగాని కూర్చోడని కూలీల క్యాంపులో నవ్వుకునేవారు. భూమేశ్‌కు ఆ లెక్కలు నేర్పిందీ అతనే.

"పన్నెండు కిలోలే గదా అన్నా."

"కిలో గూడ జాగ లేదు."

"అయితే నా సూట్‌కేస్ దించుత. అది ముప్పై ఉన్నది. సైకిల్ ఉండనీ."

"బట్టలు గావాలె నీకు. సైకిలే దించు."

ఎవరైనా తన తరఫున ఒక మాట అంటారేమోనని భూమేశ్ చుట్టూ చూశాడు. క్యాంపులో పదిమందీ అక్కడే ఉన్నారు. అందరూ చూపులు నేలకు దించుకున్నారు. పక్క మంచం అజ్మల్ వచ్చి పెట్టెను దించి గోడవారకు మోసుకుపోయాడు. విమానానికి మూడు గంటలే ఉన్నాయి. ఆ వేళప్పుడు అక్కడికి టాక్సీ రాదు. కొట్లాడే ఓపిక కూడా అతనికి లేదు.

"నీకు పిల్లలు లేరు. గందుకే తెల్వది," అన్నాడు ఎక్కి కూర్చుంటూ.

పర్శరాములు బండి తీశాడు.

ఊరుకోలేక దారిలో భూమేశ్ లెక్క వేశాడు. అన్నీ కలిపి తొమ్మిది వేల కిలోలు దాటకూడదు. డీజిలుతో కలిపి బండి మూడు వేల రెండొందలు. వెనక ట్రైలర్, దానిమీద ఈ ట్రిప్పులోనే అప్పగించాల్సిన జనరేటర్ అయిదు వేల అయిదొందలు. నిన్న తాళ్లు బిగించింది తనే. ఇద్దరు మనుషులు, పనిముట్లు, సూట్‌కేస్ అంతా చూసినా రెండొందలు. ఇంకా నూరు కిలోలు మిగిలింది. మళ్లీ కూడాడు. నూరే.

"అన్నా, నూరు కిలోల జాగ ఉన్నది."

పర్శరాములు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "లెక్క తప్పింది తమ్మీ."

"నీకా?"

పర్శరాములు బండి వేగం పెంచాడు.

"బండి మలుపు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

"టైం లేదు."

భూమేశ్‌కు ఏడుపు ఆగలేదు. పెళ్లాం చావుబతుకుల్లో ఉన్నవాడితో ఇంత పంతమా? మూడేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషికి, కన్నబిడ్డ దగ్గరికి తనను వట్టి చేతులతో పంపడానికి మనసెలా ఒప్పింది? విమానాశ్రయం దగ్గర సూట్‌కేస్ అతన్ని ముట్టుకోనివ్వలేదు. తనే లాక్కున్నాడు.

"ఇంటికి వోయినంక ప్రేమ చెయ్యి ఇడువకు," అన్నాడు పర్శరాములు.

"నీ మొకం మల్ల జూడ," అనేసి భూమేశ్ లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బావమరిది తెచ్చిన జీపు ఊళ్లోకి మళ్లింది. దారి పొడుగునా బావమరిది కిటికీ వైపే మొహం తిప్పుకున్నాడు. ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. అంతా అయిపోయింది, ప్రేమ ఇక లేదు అనుకున్నాడు భూమేశ్. తల్లి లేని పిల్లకు ఏం చెప్పాలో తెలియక జీపులోనే కూర్చుండిపోయాడు.

జనాన్ని తోసుకుంటూ ప్రేమే ఎదురొచ్చి అతని కాళ్ల మీద కూలిపోయింది. వాకిట్లో చాప మీద, తెల్లగుడ్డ కింద ఉన్నది రవళి.