తమ్ముడి దగ్గర లాభం

"లారీ కదలదండీ. ముందు సరుకు విలువ సరిచేసి, తగ్గిన సుంకం కట్టండి" అన్నాడు ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్.

పంపు బాడీల లోడుతో లారీ గేటు దగ్గర ఆగి ఉంది. ఫౌండ్రీ యజమాని చెప్పులైనా వేసుకోకుండా ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాడు.

"విలువ ఎక్కడ తగ్గించాం? ఇనుము, బొగ్గు, కూలి, కరెంటు, తయారీకి ఎంతయిందో అంతా వేశాం. దాచిందేముంది?"

"దాచారని నేననలేదు. ఆ ఖర్చు మీద పది శాతం లాభం కలిపి, మొత్తానికి సుంకం కట్టాలి."

"లాభమా? ఎవరికి అమ్ముతున్నానని? ఈ లారీ వెళ్లేది మా రెండో యూనిట్‌కి. అక్కడ మా తమ్ముడు వీటికి మోటార్లు బిగిస్తాడు. కంపెనీ ఒకటే. ఈ జేబులోది తీసి ఆ జేబులో పెట్టుకుంటే దానికీ లాభమేనా?"

"అమ్మకం లేదు కాబట్టే ఈ పద్ధతి. బయటివాళ్లకి అమ్మితే అమ్మిన ధరే తీసుకుంటాం. సొంత యూనిట్‌కి పంపితే ధరంటూ ఉండదు. అందుకని ఖర్చుకి పది శాతం కలపమన్నారు."

"అన్నవాళ్లకి అన్నదమ్ములు లేరా?"

లారీ డ్రైవరు కిసుక్కున నవ్వాడు. యజమాని అటు చూసేసరికి వంగి టైరు తట్టి చూడటం మొదలుపెట్టాడు.

యజమాని గొంతు తగ్గింది. "మా అమ్మ పోయి ఇంకా నెల కాలేదు. పోయేముందు చిన్నోడి చెయ్యి పట్టుకుని నా చేతిలో పెట్టింది. మాటేం చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అలాంటివాడి దగ్గర నేను లాభం తీశానని సంతకం పెట్టి ఇవ్వాలా మీకు?"

ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితాలు మడతపెట్టాడు. "నిజంగా తీశారని కాదండీ. తీసినట్టు అనుకోవాలి, అంతే."

"అనుకోను. లారీ ఇక్కడే తుప్పు పట్టిపోనివ్వండి."

అంతలో మోటారు సైకిల్ మీద తమ్ముడు వచ్చాడు. బండి సరిగ్గా ఆపకుండానే దిగాడు.

"అన్నయ్యా, సరుకేదీ? పొద్దుటినుంచి మావాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. సాయంత్రానికి పంపులు అందకపోతే ఆర్డరు రద్దు చేస్తామంటున్నారు."

"నన్నడుగుతావేం, ఈయన్నడుగు. నేను నీ దగ్గర లాభం తీసుకోవాలట."

తమ్ముడు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. తమ్ముడు ఒక్క ముక్క అడ్డు రాకుండా విన్నాడు. వింటున్నకొద్దీ మొహం ఎర్రబడింది.

"పది శాతమా?"

"పది."

"ప్రభుత్వం చెప్పిందా?"

"ఆ, ప్రభుత్వమే."

"అంతకు మించి కలపక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"చూశారా, వాడికెలా మండుతోందో" అన్నాడు అన్న.

తమ్ముడు ఇన్‌స్పెక్టర్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఆ మాటేదో మా అన్నయ్యకి కాస్త గట్టిగా చెప్పండి సార్. నా దగ్గర ముప్ఫై తీసుకుంటున్నాడు."