బానెట్ కింద బాలింత

"తాళం తిప్పకు," అంటూ దీవెనమ్మ కారుకి అడ్డంగా నిలబడింది. నెత్తి మీద చేపల తట్ట ఇంకా దించనే లేదు.

ఆమె మొగుడు జోజి టాక్సీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మళ్ళీ మొదలెట్టావా? ఎయిర్‌పోర్ట్ పార్టీ ఎదురుసూత్తన్నారు."

"బానెట్ ఎత్తి సూడు. పిల్లి పిల్లల్ని పెట్టింది."

ఎత్తి చూశాడు. బ్యాటరీ పక్కన తల్లి పిల్లి, దాని పొట్టకి కరుచుకుని పిల్లలు. జోజి మొండివాడే గానీ రాయి కాదు. పార్టీకి ఫోన్ చేసి వేరే కారు చూసుకోమన్నాడు.

ఆ మొండితనం మాత్రం అంతా ఇంతా కాదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ అయ్యేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పి నెలలు దాటాయి. కంట్లో కత్తి పెట్టనివ్వనంటాడు ఈయన. కిందటి వారం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆగి ఉన్న ఐసు వ్యానుని గుద్దేశాడు. వ్యానే అడ్డొచ్చిందట. రేపు మనిషి అడ్డొస్తే ఎలాగని దీవెనమ్మకి నిద్ర పట్టడం లేదు.

పక్కింటి ఆటో డ్రైవర్ కన్నబాబు వచ్చి తొంగిచూశాడు. "గోనిసంచిలో ఏసి గోడపక్కన ఎట్టేద్దామా బావా?"

"ఎవులూ ముట్టుకోకండి," అన్నాడు జోజి. " మనిషి సెయ్యి తగిలితే తల్లి మళ్ళీ దగ్గరికి రానీదు. ఇంకా కళ్ళే రాలేదు వాటికి."

"వాటికి రేపో మాపో వత్తాయి. నీయే పోతన్నాయి," అంది దీవెనమ్మ.

జోజి విననట్టు బానెట్ మెల్లిగా దించాడు. కన్నబాబే సర్దిచెప్పాడు. "పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు మారుత్తాది బావా. రేపటికి అదే లేసిపోద్ది."

మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తితే అక్కడే ఉన్నాయి. ఆ మర్నాడూ అక్కడే. జోజి పంతం పట్టాడు. వీధి చివర ఎండుచేప పెట్టి పిలిచాడు. పిల్లి వెళ్ళి, తీరిగ్గా తిని, మూతి తుడుచుకుని తిరిగొచ్చింది.

"అద్దెకి దిగినోళ్ళకైనా ఇంత ధీమా ఉండదు. అది పోయిన రోజే బండి తీత్తాను. ఆపరేషన్ మాటెత్తకు," అన్నాడు భార్యతో.

"నానేటన్నాను?" అంది దీవెనమ్మ, చేపలు తోముకుంటూ.

ఒక మధ్యాహ్నం కన్నబాబుని పక్కన పెట్టుకుని పిల్లల్ని చూస్తూ మురిసిపోయాడు. "మూడూ బొద్దుగా తయారయ్యాయిరా."

"మూడేటి బావా? అయిదు కదా."

జోజి ఇంకా వంగాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మూడే. చూపించబోయిన కన్నబాబు, ముట్టుకోకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముక్కు కింద ఉన్నవే కనబడనివాడు ఇన్నాళ్ళూ రోడ్డు మీద ఏం చూసి నడిపినట్టు? జోజికి భయమేసింది, సిగ్గేసింది.

"రేపు నీ ఆటోలో కంటాసుపత్రికి దింపుతావేటి?" అన్నాడు చివరికి.

ఒక కంటికి ఆపరేషన్ బాగా జరిగింది. రెండోది కూడా అయ్యాకే బండి తీస్తానని దీవెనమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మర్నాడు నల్లకళ్ళద్దాలతో బానెట్ ఎత్తి చూస్తే కారు ఖాళీ.

"సూసావా దీవెనా? అన్ని పిల్లులూ ఇల్లిల్లూ తిరుగుతాయి. నా కళ్ళు బాగయ్యేదాకా ఇది ఒక్క అడుగు కదల్లేదు. దేవుడే పంపాడు దీన్ని."

"అవును, దేవుడే," అంది దీవెనమ్మ.

పిల్లి రోజూ రాత్రి ఇల్లు మార్చేది. తెల్లారేలోగా పిల్లల్ని వెనక్కి తెచ్చిపెట్టేది దీవెనమ్మే.