హ్యాండిల్ దగ్గరి మనిషి

రంపం కొమ్మలో ఇరుక్కుంది.

పరమేశ్వర్ గుంజాడు. రాలేదు.

ఇంకోసారి గుంజాడు. ఈసారి కొమ్మే కిర్రుమంటూ కిందికి వంగింది. వెంటనే ఇంజన్ ఆపేశాడు.

ఇబ్రహీంపట్నంలో ఈ ఇల్లు కొనుక్కొని వచ్చింది ఈ మధ్యనే. ప్రహరీ పక్కనున్న నిద్రగన్నేరు కొమ్మ ఇంటి పైకప్పు రేకుల మీదికి వాలిందని, గాలివానకు విరిగి పడుతుందని భార్య సునంద రోజూ పోరు పెడుతోంది. చెట్లు కొట్టేవాళ్లను పిలుద్దామని కూడా చెప్పింది. వింటేగా! తనే మన్నెగూడ పోయి, పొడుగాటి గొట్టం చివర చైన్ రంపం ఉండే మిషన్ కిరాయికి తెచ్చాడు. చెట్టెక్కే పని లేదు, నేల మీద నిలబడే కోసేయొచ్చు. ఇంకేం, మహానుభావుడు ఇంటికీ ప్రహరీకీ మధ్యనున్న ఇరుకు సందులో దూరి, సరిగ్గా కొమ్మ కిందే నిలబడ్డాడు. కోసిన చిల్లర కొమ్మలన్నీ తన వెనకే పడేసుకున్నాడు.

ఇప్పుడు ముందు గోడ. వెనక నడుమెత్తు కొమ్మల కుప్ప. నెత్తి మీద సగం తెగిన కొమ్మ.

దాన్ని ఆపుతున్నది చేతిలోని గొట్టమొక్కటే.

వదిలితే కొమ్మ వచ్చి నెత్తిన పడుతుంది. పట్టుకునే ఉందామంటే, ఆ బరువుకు గొట్టం మెల్లగా పక్కకు జారుతోంది. ఆ పక్కనే కరెంటు తీగలు. గొట్టమేమో అల్యూమినియంది.

ప్రహరీ అవతల ఇందాకటి మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. మాసిన చొక్కా, కుడి భుజం మీంచి కిందిదాకా వేలాడే తువ్వాల. పని మొదలుపెట్టేటప్పుడే వచ్చి, లైన్ బంద్ చేయించినవా అన్నా అని అడిగాడు. తీగ అంత దూరంలో ఉంటే బంద్ ఎందుకు, నీ తొవ్వన నువ్వు పో అని పరమేశ్వర్ కసిరాడు. అయినా పోలేదు.

పోకపోవడమే మంచిదైంది అనుకున్నాడిప్పుడు.

"అన్నా, జర లోపలికొచ్చి గీ గొట్టం పట్టు. జారుతున్నది."

ఆ మనిషి గొట్టం వైపు చూశాడు. తీగ వైపు చూశాడు. తువ్వాల సర్దుకున్నాడు.

వెనక్కి తిరిగి ఉరికాడు.

పరమేశ్వర్‌కు ఏడుపొచ్చింది. చెప్పడానికైతే అందరూ నిలబడతారు, చెయ్యి వేయమంటే పారిపోతారు. థూ, ఏం మనుషులు!

సునందా అని కేకేశాడు. ఆమె పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, చూసి, కొమ్మల కుప్పను లాగడం మొదలుపెట్టింది. అవి ఒకదానికొకటి చిక్కుపడి ఒక పట్టాన రావడం లేదు.

అంతలో ఇంట్లో కూలర్ ఆగిపోయింది. కరెంటు పోయినట్టుంది. దేవుడున్నాడనుకున్నాడు పరమేశ్వర్. కానీ పోయిన కరెంటు ఏ క్షణాన వస్తుందో ఎవరికి తెలుసు?

వీధి చివర ఏదో లొల్లి వినిపిస్తోంది. ఇటు మాత్రం ఎవరూ రావడం లేదు.

"నువ్వు దూరం పో సునందా."

"ఊకో. చెయ్యి వదలకు." ఏడుస్తూనే లాగుతోంది ఆమె.

గొట్టం జారి జారి తీగకు తగిలింది. పరమేశ్వర్ కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు.

తొవ్వైంది, వచ్చెయ్ అంది సునంద. గొట్టం వదిలి వెనక్కి దూకాడు. అతను నిలబడ్డ చోటే కొమ్మ ధబ్బున కూలింది. గొట్టం ఒరిగి తీగల మీద అడ్డంగా పడి, అక్కడే ఆగింది.

ఇద్దరూ గడప మీద కూలబడ్డారు. పరమేశ్వర్ నీళ్ల చెంబు ఎత్తాడో లేదో, సందులో ఫట్‌మని మెరిసింది. గొట్టం మీంచి నిప్పులు రాలాయి. కూలర్ ఒక్క తిప్పు తిరిగి మళ్లీ ఆగిపోయింది.

సునంద అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ధర్మేందర్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కిల్లే ఇతనిది. కరెంటు పోతే లైన్‌మన్ కోసం చూడడు, లైన్ కలిపే హ్యాండిల్ తనే ఎత్తేస్తాడు. అదో గొప్ప అతనికి.

ట్రాన్స్‌ఫార్మర్లలో రాగితీగ ఎత్తుకుపోయే దొంగ దొరికాడని చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్ కిందికి దించి, దాన్నే పట్టుకొని కూర్చున్నాడట. టీవీలో మ్యాచ్ చూసేవాళ్లంతా వచ్చి లేపినా లేవలేదట. నాలుగు తగిలిస్తే గానీ వదల్లేదట.

"దెబ్బలు తినుకుంటనే ఒక్కటే మాట. సందుల ఉన్నాయన బయటికొచ్చిండా, సందుల ఉన్నాయన బయటికొచ్చిండా అని. తాగినట్టున్నడు."

పరమేశ్వర్ చెంబు కింద పెట్టాడు.

"ఏడున్నడు ఇప్పుడు?"

"హయత్‌నగర్ బస్సెక్కి పోయిండు. పోలీసులకు పట్టిద్దామనుకున్నం గని, ఒంటిచెయ్యోడు, పాపమని ఇడిసిపెట్టినం."

పక్కింటి నీలమ్మ గోడ మీంచి తల ఎత్తింది. లేనిది కుడిచెయ్యా అని అడిగింది. అవ్ అన్నాడు ధర్మేందర్.

ఆమె ధర్మేందర్ మొహంలోకే చూస్తూ మెల్లగా అంది.

"నువ్వు దవాఖానకు సుత సూడరాలే, నీకెట్ల యాదికుంటడు బిడ్డా? పోయినేడు లైన్ బంద్ చేసుకొని గీ చెట్టు కొమ్మలే కొడుతుంటే, మ్యాచ్ పోతున్నదని నువ్వు హ్యాండిల్ ఎత్తినవ్ గద, గప్పుడు చెయ్యి పోయిన కిష్టనే గాయన."