అడుగున మిగిలిన పాలు

ఊళ్లో ఆఖరి గేదె పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు కార్ఖానాలో, ఉక్కు ట్యాంకుల్లో పంచదార నీళ్లు పులియబెట్టి సూక్ష్మజీవులే పాలు చేసేస్తున్నాయి. రుచికి వంక పెట్టడానికి లేదు, మీగడ కూడా మందంగా కడుతుంది. పేడ వాసనొక్కటే లేదు.

రోజూ పొద్దున్నే కుళాయి తిప్పి క్యాన్లు నింపడం అంకమ్మ పని. తిప్పేముందు ట్యాంకును అరచేత్తో ఓసారి నిమురుతుంది. నిమరకపోతే గేదె చేపదేమో, పాలు దించదేమోనని ఆ చేతులకు ఇంకా భయం.

ఆవేళ సూపర్‌వైజర్ ప్రత్యూష వచ్చి అడిగింది.

"రోజూ నీ ట్యాంకు అడుగున కాసిని పాలు ఉండిపోతున్నాయి, ఎందుకు పిన్నీ?"

అంకమ్మ నాలిక్కరుచుకుంది. "దూడకమ్మా. అంతా పిండేసుకుంటే దానికేం మిగులుద్ది?"

దూడనెప్పుడూ చూసెరగని ఆ పిల్ల నవ్వలేదు. "ఇక్కడ దూడ లేదుగా పిన్నీ" అంది మెల్లగా.

"లేదులేమ్మా" అంటూ అంకమ్మ కుళాయి పూర్తిగా తిప్పింది. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. పాలు పితకడం అయిపోగానే దూడ తాడు విప్పే చెయ్యి, దానంతటదే పక్కకు సాగింది.

చల్లటి గోడ తగిలింది.