వాకబుకొచ్చిన పెద్దమనిషి

“వచ్చేస్తున్నాడ్రా! పంచె, చంకలో గొడుగు... మన గది ఎక్కడని పాలావిణ్ణి అడుగుతున్నాడు!” అంటూ కిటికీలోంచి తల లోపలికి లాక్కున్నాడు శ్రీమన్నారాయణ.

యలమందయ్య గబగబా పుస్తకాలన్నీ మంచం కిందికి తోసేసి, చాప మీద పేకముక్కలు పరిచాడు. గోడకున్న వెంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టి, “ఒక్క అరగంట కళ్ళు మూసుకో స్వామీ” అని వేడుకున్నాడు.

పర్చూరు నుంచి నాన్న రోశయ్యగారి ఉత్తరం నిన్ననే వచ్చింది. ‘శనివారం ఆదెయ్యగారని పిల్ల తరఫు పెద్దమనిషి నీ గురించి వాకబు చెయ్యడానికి వస్తున్నారు. బుద్ధిగా ఉండు. ఆయనకి నచ్చితే వైశాఖంలోనే పెళ్ళి.’

పెళ్ళంటే ఇంకేముంది! కాలేజీ కట్టిపెట్టి, గుంటూరుకి ఓ నమస్కారం పెట్టి, మామగారి పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం దగ్గర కాపలా కూర్చోవడమే. వాళ్ళ ఊళ్ళో చదువు మధ్యలో పెళ్ళయిన వాళ్ళందరి గతీ అదే. బి.ఏ. ఇంకా ఏడాదిన్నర ఉంది. మారిన ప్రతి సినిమా, హోటల్లో అల్లం పెసరట్టు, సాయంత్రం పార్కులో రేడియో, డ్రామా రిహార్సల్సు, అద్దె సైకిళ్ళ మీద అమరావతి ప్రయాణాలు... ఇంత వైభోగాన్ని వైశాఖానికల్లా వదులుకోవడానికి వాడికేం పిచ్చా?

ఉపాయం చెప్పింది శ్రీమన్నారాయణే. “నువ్వు చెడిపో. నేను పక్కన నిలబడి బాధపడతాను. అప్పుడు చూడు, బస్సు కూడా ఎక్కకుండా పరిగెత్తుకుంటూ పోతాడు” అన్నాడు. పాపం, కాలేజీ నాటకాల్లో వాడికి బంట్రోతు వేషం తప్ప ఎన్నడూ దక్కలేదు. ఈ వేషం కోసం పొద్దుటినుంచీ తలుపు వెనక నిలబడి సాధన చేస్తున్నాడు.

తలుపు చప్పుడైంది. శ్రీమన్నారాయణ దొడ్డిదారిన జారుకున్నాడు.

“రోశయ్యగారబ్బాయివి నువ్వేనా బాబూ?”

“నేనేనండీ. రండి, కూర్చోండి. ఆ ముక్కలు మాత్రం తొక్కకండి, మంచి ఆట పడింది” అని యలమందయ్య సిగరెట్టు ముట్టించాడు. పుట్టి బుద్ధెరిగాక ముట్టించడం అదే మొదలు. దగ్గు తన్నుకొచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

“పొద్దుట్నించీ ఇది పన్నెండోదండీ, అందుకని...” అన్నాడు ఎలాగో గొంతు పెగుల్చుకుని.

ఆదెయ్యగారి మొహం పాలిపోయింది. పంచె సర్దుకుని మంచం అంచున కూర్చున్నాడు.

“చదువెట్టా ఉంది బాబూ?”

“దానికేం, కాలేజీలో బాగానే ఉందండీ. మనమే అటు వెళ్ళట్లా.”

“మరి రోజంతా ఏం చేస్తుంటావు?”

“మ్యాట్నీ ఒకటి, ఫస్టు షో ఒకటి. కొత్త బొమ్మ రాకపోతే పాత బొమ్మే మళ్ళీ!”

సరిగ్గా అప్పుడు దిగాడు శ్రీమన్నారాయణ. నుదుట విభూతి, భుజాన ఉత్తరీయం. చంకలో పక్కగది మీరా హుస్సేన్ దగ్గర ఎరువు తెచ్చిన లాజిక్ పుస్తకం.

“ఒరేయ్ యలమందా! పెద్దాయన ముందు సిగరెట్టా? అక్కడ మీ నాన్న చేలో ఎండకి మాడిపోతుంటే నీకిక్కడ పేకాటా? పొద్దున్నే లేవరా, చదువుకోరా, సినిమాలు వద్దురా అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?” వాడి గొంతు జీరబోయింది. ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడు. నేల టిక్కెట్టు క్యూలో ఎప్పుడూ మొదట నిలబడేది ఈ మహానుభావుడేనని చెబితే ఆ క్షణంలో మీరైనా నమ్మరు.

ఆదెయ్యగారు సిగరెట్టు వంక చూశాడు, పేకముక్కల వంక చూశాడు, ఆఖరికి శ్రీమన్నారాయణ విభూతి వంక చాలాసేపు చూశాడు. తర్వాత గొడుగు తీసుకుని లేచాడు.

యలమందయ్య సంబరం పట్టలేకపోయాడు. గుంటూరు దక్కింది! అయినా మర్యాద కోసం, “ఇంతదూరం వచ్చి శ్రమపడ్డారండీ” అన్నాడు.

“నా శ్రమకేముంది నాయనా, నీ మీద పెట్టుకున్న ఆశే వమ్మయిపోయింది” అని నిట్టూర్చాడాయన. “మా పిల్లకి ఇక్కడ ఆడపిల్లల కాలేజీలో సీటొచ్చింది. పెళ్ళి కాందే గుంటూరు పంపేది లేదని వాళ్ళ నాయనమ్మ చెంచమ్మగారు భీష్మించుకు కూర్చుంది. అందుకని పెళ్ళి చేసి, మీ ఇద్దర్నీ ఇక్కడే బ్రాడీపేటలో మేడింట్లో పెడదామనుకున్నారు. మూడేళ్ళు. వంటమనిషితో సహా.”

యలమందయ్య చేతిలో సిగరెట్టు వేలు కాల్చింది. “మూ... మూడేళ్ళా?”

“మరి! దానికేమో సినిమాల పిచ్చి. మారిన బొమ్మ మారినట్టు చూడాల్సిందే. అందుకే నెమ్మదస్తుడైన కుర్రాడు కావాలనుకున్నాం. నీతో కలిస్తే ఇద్దరూ హాల్లోనే కాపురం పెడతారు.”

“బాబాయిగారూ, ఇదంతా నాటకమండీ! నాకసలు సిగరెట్టు కాల్చడమే రాదు! ఒరేయ్, చెప్పరా, నువ్వైనా చెప్పరా!” అని యలమందయ్య శ్రీమన్నారాయణ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఆదెయ్యగారు వాడి మాట వినిపించుకోలేదు. శ్రీమన్నారాయణ భుజం మీద చెయ్యేసి, “నీకింకా పెళ్ళి కాలేదు గదా బాబూ? మీ ఇంటిపేరేంటి?” అన్నాడు.

శ్రీమన్నారాయణ లాజిక్ పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని, తడిగొంతుతోనే అన్నాడు: “అన్నీ మనవి చేసుకుంటానండీ... ఒరేయ్ యలమందా, పెద్దాయనకి హోటలు నుంచి కాఫీ పట్టుకురారా. కంగారేం లేదు, నిదానంగానే రా.”